పాముల లైటు

బళ్లారి దగ్గర మోక వైపు బండి నడిపేవాళ్లలో ఎవరిని అడిగినా ఒకే మాట చెబుతారు — చీకటి పడ్డాక అంజినప్ప వంకలోకి దిగొద్దు. దిగినా ఆగొద్దు. ఆగితే మాత్రం... వెనక్కి తిరిగి చూడొద్దు.

సర్కారు కాగితాల్లో ఆ ఇసుక వాగు పేరు వేరే ఏదో ఉంది. అంజినప్ప అనే ట్రాక్టరు డ్రైవరు ఎనిమిదేళ్ల కింద అందులో ఇసుక తోలుతూ, గుంతలో ట్రాక్టరు తిరగబడి, దాని కిందే పోయాడు. అప్పట్నుంచి ఊళ్లవాళ్లు ఆ వంకను అతని పేరుతోనే పిలుస్తున్నారు.

పైన కల్వర్టు ఉన్నన్నాళ్లూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. రెండేళ్ల కింద వానకు అది కూలింది. కొత్తది కడతామని కంకర కుప్ప పోసి పోయారు. ఆ కుప్ప మీద ఇప్పుడు గడ్డి కూడా మొలిచింది. బండ్లన్నీ పక్కన ఇసుకలోకి దిగి అవతలి గట్టు ఎక్కాలి.

అప్పుడు మొదలైంది గొడవ. వంక మధ్యకు రాగానే బండిని వెనక నుంచి ఎవరో పట్టుకుంటారు... తొక్కినకొద్దీ ఇంజను నీరసపడిపోతుంది. కాళ్ల కింద గోళ్లతో గీకినట్టు గరగరమని చప్పుడు. ఆ తర్వాత తుమ్మ కంపల్లోంచి ఒక వెలుతురు కదిలి వస్తుంది. అక్కడి దాకా చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ తర్వాత ఏం జరుగుతుందో చూసినవాళ్లు మాత్రం లేరు, ఎందుకంటే అందరూ సరిగ్గా అక్కడే పరుగు లంకించుకుంటారు.

ఇందులో ఇంకో వింత ఉంది. అంజినప్ప పాత బండ్ల జోలికి పోడు. డొక్కు జీపులు, తుప్పు పట్టిన ట్రాక్టర్లు, సైలెన్సరు ఊడిన టెంపోలు హాయిగా దాటిపోతాయి. షోరూము నుంచి వచ్చిన కొత్త బండి కనబడితే మాత్రం వదలడు. పాత ట్రాక్టరు కింద పడి చచ్చాడు గదా, కొత్త బండ్లంటే కడుపుమంట అని జనం తేల్చేశారు. ఆరేళ్లు ఊరకున్నవాడికి కల్వర్టు కూలాకే కడుపుమంట ఎందుకు మొదలైందని ఒక్కరూ అడగలేదు. దెయ్యం విషయంలో మనవాళ్లు ప్రశ్నలు వెయ్యరు, ఏర్పాట్లు చేస్తారు.

ఆ ఏర్పాటు ఏమిటంటే, వంకలోకి దిగేముందు బండి వెనక డాలా, అంటే సామాను ఎక్కించే తలుపు, తెరిచిపెట్టాలి. అప్పుడు అంజినప్ప బండిని పట్టుకోకుండా ఎక్కి కూర్చుంటాడట. అవతలి గట్టు మీద ఒక్క నిమిషం ఆగాలి. ఆయన దిగిపోతాడు. అప్పుడు డాలా మూసుకుని పోవాలి.

మోజెస్ చర్చికి పోయే మనిషి, ఇలాంటివి నమ్మనని అందరితో అంటాడు. అయినా వంక దగ్గర డాలా తెరవకుండా ఒక్కసారి కూడా దిగలేదు. ఈ కథ అతను చెప్పగా విన్నదే.

మోజెస్ పుష్పావతమ్మ దగ్గర డ్రైవరు. ఆమెది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడి కాలువ కింద వరి మళ్లు కొన్న కుటుంబం. భర్త పోయాక సేద్యమంతా ఆమే చూసుకునేది. ఇంతలో రెండు కిడ్నీలూ చెడ్డాయి. ఏడాదిన్నరగా వారానికి రెండుసార్లు బళ్లారి పోయి, నాలుగు గంటలు మిషను మీద రక్తం కడిగించుకుని రావాలి. ఆమె మంచం మీద పడుకుంటే మోజెస్ బండిలో పడుకుంటాడు. ఇద్దరికీ ఆ రోడ్డు మీది ప్రతి గుంతా తెలుసు. ఇద్దరికీ ఆ రోడ్డు మొహం మొత్తింది.

బండి ఆమెదే. నాలుగు చక్రాలూ లాగే కొత్త పికప్పు. బురదలో ఎరువుల మూటలు మోస్తుందని కొన్నది, చివరికి ఆమెనే మోస్తోంది. బండి ఇచ్చిన రోజు షోరూము కుర్రాడు గుండీల గురించి కన్నడంలో, ఇంగ్లీషులో ఏదో చెప్పబోయాడు. కొబ్బరికాయ కొట్టే హడావిడిలో ఎవరూ వినలేదు. గేరు పక్కన చదునుగా కొంచెం చోటు కనబడితే, పుష్పావతమ్మ అక్కడే ఇత్తడి వెంకటేశ్వరస్వామిని గట్టి గమ్ముతో అంటించేసింది.

ఆ బుధవారం వంకలో నీళ్లు పారాయి. బళ్లారి పోలేకపోయారు. గురువారం గడిచింది. శుక్రవారానికి ఆమె కాళ్లు దిండ్లలా ఉబ్బాయి. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. సాయంత్రం ఏడు గంటలకు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది — తొమ్మిదికి ఒక మిషను ఖాళీ అవుతుంది, తొమ్మిదిన్నర దాకా చూస్తాం, రాకపోతే ఇంకొకరిని ఎక్కిస్తాం అని. చుట్టుదారిన పోతే రెండున్నర గంటలు పైనే. వంక దాటితే గంట.

"వంకలో నీళ్లు తగ్గినాయమ్మా. కానీ..." అన్నాడు మోజెస్.

"కానీ ఏంటి అబ్బాయ్?"

కానీ ఏమిటో అతను చెప్పలేకపోయాడు. నెల కిందట యూరియా మూటలు వేసుకుని ఒక్కడే వస్తుంటే ఇదే బండి వంకలో ఆగింది. గరగరమని చప్పుడు... కంపల్లోంచి వెలుతురు... "నిల్లప్పా..." అని, ఆగమంటూ ఒక గొంతు. తలుపు కూడా వెయ్యకుండా రెండు మైళ్లు పరుగెత్తాడు. తెల్లారి ట్రాక్టరు తీసుకుపోయి బండి లాక్కొచ్చి, రాత్రంతా ట్రాక్టరు కోసం తిరిగానని ఆమెకు చెప్పాడు. పరుగెత్తినందుకు కంటే ఆ అబద్ధానికే ఎక్కువ సిగ్గుపడుతూ ఉన్నాడు.

"ఏం ల్యామ్మా. ఎక్కండి, పోదాం."

వంక గట్టు మీదికి వచ్చేసరికి ఎనిమిది కావస్తోంది. చందమామ లేడు. మోజెస్ దిగి డాలా తెరిచాడు. గొలుసుల చప్పుడుకు పుష్పావతమ్మ కళ్లు విప్పింది.

"నాకు ఊపిరాడక చస్తుంటే ఇప్పుడు అంజినప్పను ఎక్కించుకుంటావా?"

"ఊరికె గాలికమ్మా."

"గాలికేనా. సరేలే, కానియ్."

నాలుగు చక్రాలూ లాగే నాబు తిప్పి బండిని మెల్లగా వంకలోకి దింపాడు. ఇసుక పైన ఆరినట్టు కనబడుతోంది గానీ లోపల తడి. పది గజాలు బాగానే పోయింది. ఇరవై గజాలు... అవతలి గట్టు హెడ్‌లైట్ల వెలుతురులో కనబడుతోంది.

అప్పుడు పట్టుకుంది.

ముందు స్టీరింగు ఒక్క కుదుపు కుదిపింది. మోజెస్ ఇంకాస్త తొక్కాడు. ఇంజను అరవాల్సింది పోయి, గొంతు తగ్గించింది. ఇంకా తొక్కాడు. ఇంకా తగ్గింది... కాళ్ల కింద గరగర... గరగర... అతని ఎదురుగా మీటర్ల మధ్య పసుప్పచ్చ లైటు ఒకటి టపటపా కొట్టుకుంటోంది. చిన్న బండి బొమ్మ, దాని వెనక మెలికలు తిరిగిన రెండు గీతలు — రెండు పాములు బండిని తరుముతున్నట్టు.

బండి ఆగిపోయింది.

వెనక్కి తీశాడు. మళ్లీ గరగర, మళ్లీ పాములు. ముందుకు. అంతే. ఇంజను నడుస్తూనే ఉంది, బండి మాత్రం కదలదు.

"ఆపెయ్ అబ్బాయ్. లోపలికి దిగిపోతుంది," అంది పుష్పావతమ్మ.

ఇంజను ఆపాడు. లైట్లు ఉంచాడు. ఆ నిశ్శబ్దంలో ఆమె ఊపిరి వినబడుతోంది. వెనక్కి ఆనుకోలేక రెండు చేతులూ ముందుకు పెట్టి వంగి కూర్చుంది. ఒక్కో ఊపిరీ బావిలోంచి చేదినట్టు తీస్తోంది.

ఫోను తీశాడు. సిగ్నల్ లేదు.

"నువ్వు పోయి ట్రాక్టరు తీసుకురా," అందామె. "నేను ఉంటాలే."

పొమ్మంటోంది. ఈసారి అడక్కుండానే అనుమతి దొరికింది. మోజెస్ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. పోయి రావడానికి గంటన్నర. వచ్చేసరికి మిషను ఉండదు. ఈమె ఉంటుందో లేదో...

అప్పుడే కనబడింది.

ఎడమ పక్క కంపల్లో, నడుము ఎత్తున, తెల్లటి వెలుతురు. ఊగుతోంది. ఆగింది. మళ్లీ ఊగుతూ ఇటే వస్తోంది... దాని వెనక మనిషి లేదు. కాళ్లు లేవు. ఉత్త వెలుతురే.

మోజెస్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. ప్రార్థన మొదలుపెట్టాడు, సగంలో మాట దొరకలేదు. చెయ్యి ఇంకా తలుపు పిడి మీదే ఉంది. ఒక్క గుంజు గుంజితే బయట. పక్కకు చూశాడు. పుష్పావతమ్మ ఉబ్బిన కాళ్లు చెప్పుల్లో పట్టక, చెప్పుల మీద ఆనించుకుని ఉంది. ఈ కాళ్లతో ఈమె ఎక్కడికి పరుగెత్తుతుంది?

చెయ్యి తీసేశాడు. ధైర్యం వచ్చి కాదు. పోవడానికి వీల్లేక.

వెలుతురు అద్దం దగ్గరికి వచ్చింది. టక్... టక్... అని ఎముకతో కొట్టిన చప్పుడు.

"తియ్యద్దమ్మా..." అన్నాడు గుసగుసగా.

పుష్పావతమ్మ అప్పటికే అద్దం దించుతోంది. భయపడాలన్నా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి. ఆమెకు అది కూడా లేదు.

"ఎవరమ్మా?"

వెలుతురు పక్కకు తిరిగింది. దాని వెనక ఒక ముసలామె. జుట్టు తెల్లగా, మొహం ఎండి, మెడలో తాడుకు కట్టిన ఫోను, దాని టార్చి. నల్ల చీర, అందుకే చీకట్లో కలిసిపోయింది. కొట్టింది ఎముకతో కాదు, చేతికర్రతో.

"మీరు పరిగెత్తరా?" అని అడిగిందామె. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"నేను పరిగెత్తలేనమ్మా," అంది పుష్పావతమ్మ. "ఇతను నా కోసం ఆగాడు."

ముసలామె లోపలికి తొంగి మోజెస్‌ను చూసింది. "పాముల లైటు ఎలిగిండెనా?"

మోజెస్ తల ఊపాడు.

"అదేనప్పా. దాన్ని ఆపల్ల. నువ్వు తొక్కతాండావు, అది ఆపతాండాది. చక్రం జారితే బండి పల్టీ కొడతాదని దానికి భయం. జారినప్పుడల్లా పట్టుకుంటాది. తారు మీద అది మంచిదే. ఈడ ఇసకలో చక్రం జారకుండా యాడికి పోతాది?"

మోజెస్ ఆమె మొహం వంకే చూస్తున్నాడు. పన్నెండేళ్లుగా డ్రైవరీ చేస్తున్నాడు. పాత జీపుతో ఈ వంకను కళ్లు మూసుకుని దాటేవాడు. పాత జీపుకు ఈ భయం లేదు. అంటే... పట్టుకుంటున్నది బండే.

"ఆపేది ఎట్ల పెద్దమ్మా?"

"పాముల బొమ్మే ఉండే గుండీ ఒగటి ఉంటాది. గేరు కాడ సూడు. ఊరికె ఒత్తితే సాలదు. పది లెక్కబెట్టేదాకా యేలు తియ్యద్దు. లైటు కొట్టుకోకుండా నిలబడితే అది పండుకున్నట్టు."

గేరు దగ్గర చూశాడు. గేరు పక్కన వెంకటేశ్వరస్వామి నిలబడి ఉన్నాడు. పీఠం చుట్టూ గమ్ము గట్టిగా రాయిలా బిగిసింది. పీఠం అంచు కింద నుంచి ఒక గుండీ మూల కొంచెం కనబడుతోంది.

"అమ్మా..." అన్నాడు. "అది సామి కింద ఉండాది."

"తియ్యి."

"నేనా? మీ సామిని నేనెట్ల..."

పుష్పావతమ్మ రెండుసార్లు ఊపిరి పీల్చుకుంది. "ఏడాదిన్నరగా నన్ను ఎత్తి దించుతున్నావు. ఆయన నాకంటే బరువుంటాడా? తియ్యి అబ్బాయ్, ఏమీ అనుకోడు."

మోజెస్ చెప్పులు విడిచాడు. స్వామిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పాడు. గమ్ము టక్కున విరిగింది. పుష్పావతమ్మ కొంగు పట్టి, ఆయన్ని ఒళ్లో పెట్టుకుంది. పీఠం ఉన్నచోట చిన్న నల్ల గుండీ, దాని మీద అదే బొమ్మ — బండి, రెండు పాములు.

ఇంజను స్టార్టు చేశాడు. గుండీ మీద వేలు పెట్టి ఒత్తాడు. ఒకటి... రెండు... మూడు... ఏమీ కాలేదు. ఆరు... ఏడు... లైటు ఒక్కసారి వెలిగి, కొట్టుకోవడం మానేసి, స్థిరంగా నిలబడింది.

"బిర్రన తొక్కద్దు," అంది బయట నుంచి ముసలామె. "చక్రం నేరుగా పెట్టుకోని ఒగే తీరుగ పో. నడుమ వదలద్దు."

తొక్కాడు. ఈసారి ఇంజను గొంతు తగ్గించలేదు. నాలుగు చక్రాలూ ఇసుకను విసిరి విసిరి కొట్టాయి, బండి తోక అటూ ఇటూ ఊగింది, ఒక్క క్షణం పక్కకు జారింది కూడా. మోజెస్ వదల్లేదు. అడుగు కదిలింది. గజం కదిలింది. తర్వాత పట్టు దొరికి, బండి లేచి, గట్టు మీదికి వచ్చి పడింది.

అతనికి ప్రాణం లేచొచ్చింది. అద్దంలో చూస్తే ఆ వెలుతురు అప్పటికే కంపల్లోకి వెళ్లిపోతోంది. కిందనుంచి గొంతు మాత్రం వినబడింది.

"తారెక్కినాక మళ్ల ఒత్తుకోప్పా. మరిచిపోవద్దు."

తారెక్కగానే ఒత్తాడు. పాముల లైటు ఆరింది. ఆ తర్వాత ఇంకెక్కడా ఆగలేదు. వెనక ఏదో దడదడ కొట్టుకుంటోంది, ఆగి చూసే తీరిక లేదు. తొమ్మిదీ ఇరవైకి ఆసుపత్రి ముందు దించాడు. ఆమెను చక్రాల కుర్చీలో లోపలికి తీసుకుపోయారు. స్వామి ఆమె ఒళ్లోనే పోయాడు. మోజెస్ బండిలోకి వచ్చి కూర్చుని, అలాగే నిద్రపోయాడు.

తెల్లారి ఆరు గంటలకు తిరుగు ప్రయాణం. పుష్పావతమ్మ పిండేసిన బట్టలా ఉంది, కానీ సీటుకు ఆనుకుని కూర్చోగలుగుతోంది. ఊపిరి మామూలుగా వస్తోంది.

"అక్కడ ఆపు," అంది, మోజెస్ ముందే గుండీ ఒత్తుకుని వంక దాటి గట్టెక్కాక. "ఆవిడతో ఒక మాట చెప్పి పోదాం."

పగటి వెలుతురులో చూస్తే కంపల వెనక చిన్న రేకుల కొట్టం. గుమ్మంలో ముసలామె కూర్చుని గుంటపొయ్యి ఊదుతోంది. పేరు అడిగితే సిద్దక్క అంది. అంజినప్ప తల్లి.

"కొడుకు పోయిన తావు కదా. ఈడనే ఉండా," అంది. "రోడ్డు మీది మోరీ కూలినప్పట్నించీ బండ్లు ఇసకలో తగులుకుంటాండాయి. లైటు తీసుకోని పోతా. నేను నోరు తెరిచేలోపల అందురూ పరిగెత్తతారు. ఒగడు ఎరువుల మూటలేసుకోని వచ్చి, తలుపు కూడా ముయ్యకుండా పోయినాడు. రాత్రంతా వాని బండికి నేనే కావలి."

మోజెస్ తల దించుకున్నాడు. పుష్పావతమ్మ అతని వైపు చూసింది.

"రాత్రంతా ట్రాక్టరు కోసం తిరిగావన్నమాట," అంది.

"తప్పైందమ్మా."

"పోనీలే. నిన్న పోలేదుగా." ఆమె సిద్దక్క వైపు తిరిగింది. "ఈ గట్టు మీద బోర్డు రాయించి పెడతానమ్మా, గుండీ బొమ్మ వేసి. ఇంక నువ్వు రాత్రిళ్లు తిరగక్కర్లేదు."

"రాపీయమ్మా. పున్నెముంటాది."

"అయినా ఈ గుండీ సంగతి నీకెలా తెలిసింది? ఎవరో డ్రైవరు చెప్పుంటాడు."

"డ్రైవర్లు యాడ నిలబడినారమ్మా చెప్పేకి? మావోడే చెప్పినాడు."

పొయ్యిలో పుల్ల చిటపటమంది. మోజెస్ మెల్లగా అడిగాడు.

"బతికున్నప్పుడా పెద్దమ్మా?"

సిద్దక్క అతని వైపు చూసింది, తెలియని పిల్లవాణ్ని చూసినట్టు. "బతికున్నప్పుడు వానిది పాత ట్రాక్టరు కదప్పా. దాంట్లో యాడుండాది గుండీ?"

ఆమె పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

"మోరీ కూలినాక చెప్పినాడు. దినామూ చీకటైతే వచ్చి లేపతాడు. పోయి చెప్పమ్మా, బండి తగులుకుండాది పోయి చెప్పమ్మా అని. వానికీ అలుపొచ్చిండాది, నాకూ అలుపొచ్చిండాది." ఆమె పొయ్యి ఊదడం ఆపింది. "రాత్రి మీరు గట్టెక్కి పోయినాక మాత్రం రాల్యా. తెల్లారేదాకా సూస్తా కూసున్నా. యాడికి పోయినాడో ఏమో."

మోజెస్ బండి వైపు తిరిగాడు. వెనక డాలా కిందికి వేలాడుతూ ఉంది. రాత్రి ఇక్కడ తెరిచింది. హడావిడిలో గట్టు మీద ఆగనూ లేదు, మూయనూ లేదు. బళ్లారి దాకా, మళ్లీ ఇక్కడి దాకా అది అలాగే తెరిచి ఉంది.

అతను మెల్లగా నడిచిపోయి గొలుసు అందుకున్నాడు.

"మూయకు అబ్బాయ్," అంది పుష్పావతమ్మ. ఒళ్లో స్వామిని సర్దుకుని సిద్దక్క పక్కన మెల్లగా కూర్చుంది. "నాకేం తొందర లేదు. కాసేపు అలా ఉండనీ... దిగేవాళ్లుంటే దిగుతారు."